హీరోయిన్ ఫొటో తీసేశాక: ఒక మాస్క్ కంపెనీ కేస్ స్టడీ

ఈ మధ్య హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. కొరియన్ క్రీములు, మాస్కులు తెప్పించి అమ్ముదామనుకునేవాళ్ళు. దిగుమతి రిజిస్ట్రేషన్ గురించో, ఎక్స్‌పైరీ గురించో అడగాల్సిన చోట చాలామంది మొదట అడిగేది, "ఏ హీరోయిన్ వాడుతుందండీ ఇది?" అని. అదే ప్రశ్నను నమ్ముకుని డబ్బు పోసి, పోగొట్టుకుని, మళ్ళీ నిలదొక్కుకున్న ఒక కంపెనీని నేను దగ్గరుండి చూశాను. సియోల్‌లో చిన్న తయారీదార్లకు ఎగుమతి సలహాలివ్వడం నా పని. కంపెనీ పేరు, ఊరు, మనుషుల వివరాలు మార్చాను. కంపెనీ లోపలి అంకెలు కూడా గుర్తుపట్టడానికి వీల్లేకుండా కాస్త అటూ ఇటూ చేశాను. దేశాల మధ్య జరిగిన సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

సియోల్ చుట్టూ ఉండే గ్యోంగీ ప్రావిన్స్‌లో ఒక పారిశ్రామికవాడ. అందులో రెండంతస్తుల షెడ్డు. నలభై మందికి పైగా పనివాళ్ళు, ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్ళు. చేసేది ఒకటే సరుకు, షీట్ మాస్క్. ముఖం ఆకారంలో కత్తిరించిన పల్చటి గుడ్డని సీరంలో నానబెట్టి రేకు సంచిలో సీల్ చేస్తారు. ఇరవై నిమిషాలు ముఖాన వేసుకుని పారేయాలి. గుడ్డని మిషన్ కత్తిరిస్తుంది కానీ, మడతపెట్టి సంచిలో దూర్చే పని అప్పట్లో చేత్తోనే జరిగేది. యజమానిని అందరూ సాజాంగ్‌నిమ్ అంటారు, మన దగ్గర ఓనరుగారు అన్నట్టు. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన కూతురు చైనీస్ చదువుకుని వచ్చి మార్కెటింగ్ చూసేది.

ఈ కంపెనీ పెరిగిన తీరు అర్థం కావాలంటే కొరియా తన సినిమాలను, పాటలను ఏ కంటితో చూసిందో తెలియాలి. 1994లో అప్పటి అధ్యక్షుడు కిమ్ యంగ్-సామ్‌కు సలహా మండలి ఒక నివేదిక ఇచ్చింది. ఒక్క హాలీవుడ్ డైనోసార్ల సినిమా సంపాదన, 15 లక్షల హ్యుందాయ్ కార్లు ఎగుమతి చేసినదానితో సమానమని అందులో లెక్కగట్టారు. కార్లమ్మే దేశానికి అది సూటిగా తగిలే మాట. 1999లో, కిమ్ దే-జుంగ్ హయాంలో, సాంస్కృతిక పరిశ్రమల ప్రోత్సాహానికి ప్రత్యేక చట్టమే వచ్చింది. అప్పటికే చైనాలో కొరియన్ డ్రామాలు నడుస్తున్నాయి. 'హాల్యు', అంటే కొరియా అల, అన్న పేరుని ప్రచారంలోకి తెచ్చింది కూడా చైనా పత్రికలే. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

అమెరికన్ ప్రొఫెసర్ జోసెఫ్ నై 1990లో 'సాఫ్ట్ పవర్' అన్న మాట తెచ్చినప్పుడు ఆయన చెప్పింది దేశాల గురించి. బెదిరించకుండా, డబ్బు ఎర వేయకుండా, ఎదుటివాళ్ళకి మనమంటే ఇష్టం కలిగించి పని జరిపించుకోవడం. మా సాజాంగ్‌నిమ్‌కి ఆ మాటే తెలియదు. ఆయనకు తెలిసింది వేరు. 2014 మొదట్లో ఒక డ్రామాలో హీరోయిన్ మంచు పడితే వేయించిన చికెన్, బీరు ఉండాలంది, చైనాలో ఆ రెంటికీ గిరాకీ లేచింది. ఆ హీరోయిన్ వేసుకున్న లిప్‌స్టిక్ కోసం ఎగబడ్డారు. 2016 మార్చిలోనైతే చైనా కంపెనీ ఒకటి తన ఉద్యోగుల్ని టూరుకి తీసుకొచ్చి, ఇంచాన్‌లోని వోల్మిదోలో దాదాపు 4,500 మందికి ఒకేచోట చికెన్, బీరు పార్టీ ఇచ్చింది. ఆ ఫొటో పేపర్లో చూసి సాజాంగ్‌నిమ్ కత్తిరించి ఆఫీసు గోడకి అంటించారు. అప్పటికే ఆయన కూడా ఒక హీరోయిన్‌తో కాంట్రాక్టు చేసుకున్నారు. పెద్ద తార కాదు, చైనాలో ఒక్క డ్రామాతో బాగా తెలిసిన మనిషి. పెట్టె మీద ఆమె ఫొటో. ఇంకో డ్రామాలో డబ్బు కట్టి ఒక సీన్ పెట్టించారు. ఇక్కడ దాన్ని పీపీఎల్ అంటారు. స్నేహితురాళ్ళిద్దరు మాస్కులు వేసుకుని సోఫాలో కూర్చుని కబుర్లాడతారు, అంతే. ఆ ఎపిసోడ్ తర్వాత రెండు షిఫ్టులు నడిపారు.

2016 నాటికి అమ్మకాల్లో పదింట ఏడు వంతులు చైనాకే. అందులోనూ ఎక్కువ భాగం మామూలు ఎగుమతి కాదు. అక్కడ దిగుమతి కాస్మెటిక్స్‌కి రిజిస్ట్రేషన్ కావాలి, అప్పట్లో జంతువుల మీద పరీక్షలు కూడా తప్పనిసరి, నెలల తరబడి పట్టేది. అందుకని సరుకంతా 'దైగౌ'ల చేతుల మీదుగా వెళ్ళేది. సియోల్‌కి వచ్చి, మ్యోంగ్‌డాంగ్ వీధుల్లో, డ్యూటీఫ్రీ షాపుల్లో సూట్‌కేసుల కొద్దీ కొని, తమ ఊళ్ళో ఫోన్‌లో అమ్ముకునే వ్యాపారులు వాళ్ళు. మన వైపు ఒకప్పుడు దుబాయ్ నుంచి బంగారం, సెంట్లు తెచ్చిచ్చేవాళ్ళలాగా అనుకోండి, కాకపోతే వేలమంది.

వచ్చిన సమస్య

2016 జూలై 8న కొరియా, అమెరికా కలిసి థాడ్ క్షిపణి రక్షణ వ్యవస్థను కొరియాలో పెడతామని ప్రకటించాయి. ఉత్తర కొరియా కోసమని వీళ్ళన్నారు. దాని రాడార్ తమ లోపలికి చూస్తుందని చైనా మండిపడింది.

సాజాంగ్‌నిమ్ ఆగస్టులో నా దగ్గరకొచ్చారు. ఆయన అడిగింది చిన్న ప్రశ్న. "సెప్టెంబరులో హీరోయిన్ కాంట్రాక్టు రెన్యూ చేయాలి. చేయమంటారా, వద్దంటారా?"

ఇలాంటి పనిలో క్లయింట్ తెచ్చిన ప్రశ్న వెనక అసలు ప్రశ్న ఇంకోటి ఉంటుంది. దాన్ని అప్పుడే పట్టుకోవాల్సింది. నేను పట్టుకోలేదు. అడిగినదానికే జవాబిచ్చాను.

మొదటి నిర్ణయం: ఆగి చూద్దాం

రెన్యూ చేయండి అన్నాను. నా లెక్క ఇది. ఆగస్టు, సెప్టెంబరు ఆర్డర్లు తగ్గలేదు, పెరిగాయి. చైనా ప్రభుత్వం ఏ నిషేధమూ ప్రకటించలేదు. కాంట్రాక్టు వదిలేస్తే ఆమెని పోటీ కంపెనీ తీసుకుపోతుంది. రాజకీయం ఆరు నెలల్లో చల్లారుతుంది, జనం ఇష్టం ఎక్కడికీ పోదు. చదవడానికి ఇప్పటికీ సబబుగానే ఉంది కదా? అందుకే ఈ తప్పు దగ్గర కాసేపు ఆగుతున్నాను.

ఆర్డర్లు పెరిగింది గిరాకీ వల్ల కాదు. నవంబరు 11న చైనాలో ఏటా జరిగే ఆన్‌లైన్ అమ్మకాల పండగకి దైగౌలు సరుకు నింపుకుంటున్నారు. తర్వాత దొరుకుతుందో లేదోనన్న భయం కూడా వాళ్ళ చేత కొనిపించింది. నేను చూసింది గోడౌన్ నుంచి వెళ్ళిన పెట్టెల్ని. అవతలి పక్క ఎవరి ముఖానికైనా చేరిన మాస్కుల్ని కాదు.

ఇక నిషేధం ప్రకటించలేదన్న మాట. అది ఈనాటికీ ప్రకటించలేదు. కొరియాలో దానికి హన్‌హల్యంగ్ అని పేరు పెట్టారు, కొరియాకి కట్టడి వేసే ఆజ్ఞ అని. అలాంటి కాగితమేదీ లేదనే చైనా అధికారులు అంటూ వచ్చారు. కాగితం లేకుండానే కచేరీలు రద్దయ్యాయి, డ్రామాలకు అనుమతులు ఆగాయి, టీవీ షోలలో కొరియన్ తారల ముఖాల మీద మసక కప్పారు. కాగితం ఉంటే కోర్టుకో, ప్రపంచ వాణిజ్య సంస్థకో పట్టుకెళ్ళొచ్చు. లేని కాగితాన్ని ఎక్కడికి పట్టుకెళతాం?

మాకు మొదటి సంకేతం అమ్మకాల పట్టికలో రాలేదు. నవంబరులో ఒక రాత్రి సాజాంగ్‌నిమ్ కూతురు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పంపింది. చైనాలో మా మాస్కులు అమ్మే ఒక పెద్ద దుకాణం పేజీ అది. పెట్టె బొమ్మ అలాగే ఉంది కానీ, హీరోయిన్ ముఖం ఉండాల్సిన చోట ఒక తెల్ల గులాబీ అతికించి ఉంది. ఎవరూ మాకు చెప్పలేదు, ఉత్తరం రాయలేదు. అడిగితే, "కొత్త సీజన్ డిజైన్" అన్నారు. ముందుజాగ్రత్తగా ఆ దుకాణమే ముఖం తీసేసుకుంది. ఆ గులాబీని చూసిన రోజే కాంట్రాక్టు గురించి మళ్ళీ మాట్లాడాల్సింది. వచ్చే నెల చూద్దామనుకున్నాం.

2017 ఫిబ్రవరి చివర్లో కొరియా వ్యాపార సంస్థ లోట్టె, సోంగ్‌జు దగ్గరి తన గోల్ఫ్ కోర్సును థాడ్ కోసం ఇచ్చే ఒప్పందం జరిగింది. చైనాలో లోట్టె మార్టులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. మార్చి 11న జెజు దీవికి వచ్చిన ఒక క్రూయిజ్ ఓడలో 3,400 మంది దాకా చైనా టూరిస్టులు, దిగబోమని చెప్పి ఓడలోనే కూర్చుండిపోయారు. బస్సులు, గైడ్లు ఒడ్డున ఎదురుచూస్తున్నారు. మార్చి 15 నుంచి చైనా ట్రావెల్ ఏజెన్సీలు కొరియా గ్రూప్ టూర్లు అమ్మడం మానేశాయి. అంతకుముందు ఏడాది 80 లక్షల పైచిలుకు వచ్చిన చైనా టూరిస్టులు 2017లో 42 లక్షలలోపుకి పడిపోయారు.

ఏప్రిల్‌కి మా ఆర్డర్లు ఐదో వంతుకి వచ్చాయి. పదకొండు మందిని పంపించేశారు. వాళ్ళలో ఒకామె మడతపెట్టే బల్ల దగ్గర పదేళ్ళు పనిచేసిన మనిషి. వెళ్ళే రోజు తను కూర్చునే ప్లాస్టిక్ స్టూల్ పట్టుకెళ్ళొచ్చా అని అడిగింది.

రెండో ప్రయత్నం: కొరియాను దాచడం

గోడౌన్ నిండా హీరోయిన్ ముఖాలు. సాజాంగ్‌నిమ్ ఆలోచన ఏమిటంటే, చైనావాళ్ళకు కోపం కొరియా మీద, మాస్క్ మీద కాదు కదా. చైనీస్ పేరు పెట్టి, కొరియన్ అక్షరాలు తీసేసి, కొత్త సంచిలో వేద్దాం అని. తయారైన దేశం పేరు చట్టప్రకారం ఎలాగూ వేయాలి, కానీ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాకు ఇష్టం లేకపోయినా అడ్డు చెప్పలేదు. చిన్న విడతగా చేద్దాం, తేలిపోతుంది అన్నాను.

తేలిపోయింది. మొదటి విడత తీసుకున్న దైగౌ ఒకతను మూడు వారాలకే తిప్పి పంపించాడు. ఫోన్‌లో అతనన్న మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "కొరియన్ అక్షరాలు లేకపోతే ఇది నకిలీ అంటున్నారండీ కస్టమర్లు." అంటే ఎవరూ చదవలేని ఆ అక్షరాలే మా సరుకుకి హాల్‌మార్క్. అవి తీసేస్తే మిగిలేది ఒక తడి గుడ్డ. అలాంటి తడి గుడ్డని చైనా కంపెనీలు మా ధరలో మూడో వంతుకి చేస్తున్నాయి.

ఈ ఓటమి మాకు ఒక సంగతి చెప్పింది. ఇంతకాలం కస్టమరు డబ్బిచ్చింది కొరియాకి. మాస్క్‌కి ఎంత ఇచ్చినట్టు? ఆ ప్రశ్నకి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. కానీ జవాబు వెతక్కుండానే ఇంకో ఖర్చులోకి దిగాం.

మూడో ప్రయత్నం: ముఖం మార్చి, దేశం మార్చి

వియత్నాంలో కొరియన్ పాటలంటే పిచ్చి. కొరియా ఫ్యాక్టరీలు, కొరియన్ భాష నేర్చుకునేవాళ్ళు, అన్నీ ఉన్నాయి. చైనాలో పనిచేసిన సూత్రమే అక్కడా పనిచేస్తుందనుకున్నాం. ఓ మధ్యస్తం స్థాయి అబ్బాయిల గ్రూపుతో కాంట్రాక్టు. పది మాస్కుల పెట్టె కొంటే లోపల ఒక ఫోటోకార్డ్, ఎక్కువ పెట్టెలు కొన్నవాళ్ళకి లాటరీ, లాటరీలో పేరొస్తే ఆ అబ్బాయిల ముందు నిలబడి సంతకం తీసుకోవచ్చు. ఆల్బమ్‌లు అమ్మడానికి కొరియాలో మామూలుగా వాడే పద్ధతే.

2017 చివర్లో హో చి మిన్ నగరంలో ఒక మాల్. పొద్దున పదింటికే సరుకంతా అయిపోయింది. సాజాంగ్‌నిమ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, రెండేళ్ళుగా ఆయన చూడని క్యూ అది. సాయంత్రం జనం వెళ్ళాక నేను సామాను సర్దించడానికి వెనక మెట్ల వైపు వెళ్ళాను. చెత్తడబ్బాల పక్కన మా పెట్టెలు గుట్టగా పడున్నాయి. పైన రిబ్బన్ జాగ్రత్తగా విప్పి, కార్డ్ తీసుకుని, మాస్కులు మాస్కుల్లాగే వదిలేశారు. సీల్ కూడా విప్పలేదు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్ల ఒకతి అక్కడే కూర్చుని ఆ మాస్కుల్ని సంచిలో ఏరుకుంటోంది. ఎందుకని సైగ చేస్తే, నవ్వి, ఫోన్ చూపించింది. సగం ధరకి అమ్మకానికి పెట్టేసింది అప్పటికే.

ఆ వారం అమ్మకాలు ఆ ఏడాదికే ఎక్కువ. తర్వాత నెలలో పంపిణీదారు ఒక్క పెట్టె అడగలేదు. సగం ధరకి మాస్కులు దొరుకుతుంటే షాపుకి ఎవరొస్తారు? అబ్బాయిల ఫీజు కంపెనీకి నాలుగు నెలల జీతాలంత.

అభిమానుల్ని తప్పుపట్టడానికేమీ లేదు. వాళ్ళు కొన్నది కార్డుని, అది వాళ్ళకి అందింది. మనమే కార్డుని అమ్మి మాస్కుని అమ్మామనుకున్నాం.

కాసేపు ఆగి లెక్క చూసుకున్నాం

2018 జనవరిలో, చేయాల్సినదాన్ని ఏడాదిన్నర ఆలస్యంగా చేశాం. పాత చైనీస్ రివ్యూలు వేలకొద్దీ ఉన్నాయి. కూతురు మూడు వారాలు కూర్చుని చదివింది. ఒక్కో రివ్యూని రెండు గంపల్లో ఏదో ఒకదాంట్లో వేయాలి. మనిషి గురించి, డ్రామా గురించి, పెట్టె అందం గురించి, బహుమతి ఇవ్వడం గురించి మాట్లాడితే ఒక గంప. తన చర్మం గురించి మాట్లాడితే రెండోది.

మొదటి గంప పొంగిపోయింది. రెండోది దాదాపు ఖాళీ, ఒక్క సరుకు విషయంలో తప్ప. పద్నాలుగు రకాల మాస్కుల్లో అన్నిటికన్నా చవకది, హీరోయిన్ ఫొటో కూడా దండగని వేయనిది. దాని కింద మాత్రం, "మొటిమల దగ్గర మంట తగ్గింది", "ఎండకి కమిలినప్పుడు ఇదే వాడతా", "నాలుగోసారి కొంటున్నా" అని ఉన్నాయి. నాలుగోసారి అన్న మాట చుట్టూ ఆ అమ్మాయి ఎర్ర సిరాతో సున్నా చుట్టింది.

ఆ మాస్క్‌లో ఉన్నది కొరియన్లు బ్యోంగ్‌పుల్ అనే ఆకు సారం. పరిశ్రమలో సికా అంటారు. ఆకు బొమ్మ చూసి నాకు నవ్వొచ్చింది. మన సరస్వతి ఆకు! చిన్నప్పుడు పరీక్షల ముందు మా అమ్మ పెరట్లోంచి కోసి, జ్ఞాపకశక్తికని నమిలించేది. ఫోన్‌లో చెప్తే, "దాన్ని మొహానికి రాస్తారా? నువ్వు తినకుండా ఉమ్మేసేదానివి" అంది.

పనిచేసింది

నేను జపాన్ అన్నాను. సాజాంగ్‌నిమ్ మొహం మాడిపోయింది. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ పాలనలో ఉంది, ఆయన తండ్రికి ఆ రోజుల్లో జపనీస్ పేరు పెట్టుకోక తప్పలేదు. దానికి మించి వ్యాపారి ప్రశ్న ఇంకోటి వేశారు. "వాళ్ళతో గొడవలు లేవా? చైనా అయింది, రేపు జపాన్. మళ్ళీ ఇదే కథ కాదా?"

మంచి ప్రశ్న. దానికి 2012ని చూపించాను. ఆ ఆగస్టులో కొరియా అధ్యక్షుడు ఇ మ్యోంగ్-బాక్, రెండు దేశాలూ మాదంటే మాదనే దొక్దో దీవికి వెళ్ళారు. జపాన్‌లో వ్యతిరేకత రేగింది. జపాన్ జాతీయ టీవీ ఎన్‌హెచ్‌కే ఏడాది చివర ప్రసారం చేసే పాటల కార్యక్రమంలో కొరియన్ గ్రూపులు కనిపించకుండా పోయాయి. టోక్యోలో కొరియన్ షాపుల వీధి షిన్-ఓకుబోలో కొరియన్లని తిడుతూ ఊరేగింపులు తీశారు, షాపులు మూతపడ్డాయి. దెబ్బ తగల్లేదని చెప్పలేను, గట్టిగానే తగిలింది. కానీ తర్వాతేమైంది? 2017కల్లా అదే వీధిలో స్కూలు పిల్లలు కొరియన్ తిండిలోని చీజ్ సాగదీస్తూ ఫొటోలు దిగుతున్నారు. ఆ ఏడాది చివర ట్వైస్ గ్రూపు అదే ఎన్‌హెచ్‌కే కార్యక్రమంలో పాడింది, ఆరేళ్ళ తర్వాత మొదటి కొరియన్ గ్రూపుగా. ఏ ప్రభుత్వమూ ఏదీ ఎత్తేయలేదు. ఎత్తేయడానికి అక్కడ ఎవరూ ఏదీ వేయలేదు.

జపాన్‌లో అభిమానికీ అల్మరాకీ మధ్య దారి చాలామంది చేతుల్లో ఉంది. మందుల షాపులు, ఆన్‌లైన్ అంగళ్ళు, దిగుమతిదార్లు. వాళ్ళందరూ ఒకే రాత్రి ఒకే పని చేయరు. చైనాలో ఆ దారి పొడుగునా ఒకే కుళాయి. రెండు దేశాల్లోనూ పిల్లల ఇష్టం ఇంచుమించు ఒకటే. నేను మొదట్లో కొలవాల్సింది ఇష్టాన్ని కాదు, ఆ దారిని.

తర్వాత చేసినవన్నీ విసుగు పుట్టించే పనులే. పద్నాలుగు రకాలు మూడయ్యాయి. ముఖాలేవీ లేవు. దిగుమతి లైసెన్సున్న చిన్న జపనీస్ సంస్థ కోసం ఐదు నెలలు తిరిగాం. అక్కడ కాస్మెటిక్స్ మీద ఏ ఫలితాలు చెప్పుకోవచ్చో ప్రభుత్వ నిబంధనల్లో 56 అంశాల జాబితా ఉంది, అది దాటితే కుదరదు. మా పెట్టె మీద ఉన్న గొప్పల్లో మిగిలింది, 'చర్మానికి తేమ ఇస్తుంది' లాంటి రెండు వాక్యాలు. సాజాంగ్‌నిమ్ ఆ లేబుల్ చూసి, "ఇది మంచినీళ్ళ సీసాలా ఉంది" అన్నారు.

అసలు మార్పు ప్యాకింగ్‌లో వచ్చింది. టోక్యోలో మందుల షాపు అల్మరాల ముందు నేనూ కూతురూ రెండు రోజులు నించున్నాం. బంగారు రంగు పెట్టెలో విడివిడి మాస్కులు కొనేవాళ్ళు తక్కువ. తడి టిష్యూల ప్యాకెట్‌లాంటి సంచిలో ముప్పై మాస్కులు కలిపి ఉన్నవి, బుట్టలో షాంపూ పక్కన పడుతున్నాయి. ఒకటి పండగ పూట కట్టే చీర, రెండోది రోజూ కట్టేది. మేము ఇన్నాళ్ళూ పట్టుచీర అమ్మాం. తిరిగొచ్చి, ఆ చవక సికా మాస్క్‌ని ముప్పై ఒకే సంచిలో వేశాం. మడతపెట్టే పనే తగ్గిపోయింది.

కొరియాని దాచలేదు. సంచి మీద కొరియన్ అక్షరాలు ఉన్నాయి, జపనీస్ కంటే చిన్నగా. దైగౌ నేర్పిన పాఠం మర్చిపోలేదు. కొరియా అన్న పేరు చేయి చాచి సంచిని అందుకునేలా చేస్తుంది. రెండో సంచి కొనిపించేది మాత్రం లోపలున్నదే. ఆ పేరు మీద ఇంతకంటే బరువు వేయకూడదన్నది నా లెక్క. ప్రచారానికని సినిమావాళ్ళకి కాకుండా, మొటిమల చర్మం గురించి ఆన్‌లైన్‌లో రాసుకునే మామూలు అమ్మాయిలకి సంచులు పంపాం, ఏం రాయాలో చెప్పకుండా. కొందరు బాగాలేదనే రాశారు. వాసన నచ్చలేదన్నారు. వాసన తీసేశాం.

మొదటి సరుకు ఓడెక్కింది 2018 అక్టోబరు చివరి వారంలో. 30వ తేదీన కొరియా సుప్రీంకోర్టు, యుద్ధకాలంలో కొరియన్ల చేత వెట్టి చేయించుకున్నందుకు జపాన్ ఉక్కు కంపెనీ పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. సాజాంగ్‌నిమ్ రాత్రి పదకొండుకి ఫోన్ చేసి, "నేను చెప్పలా?" అన్నారు. పది రోజులు కాకముందే ఒక జపాన్ టీవీ షోలో కొరియన్ గ్రూపు బీటీఎస్ కార్యక్రమం రద్దయింది, ఒక సభ్యుడు వేసుకున్న టీషర్ట్ వివాదంతో. నాకూ టెన్షన్ పట్టుకుంది. కానీ నవంబరు 13న టోక్యో డోమ్‌లో వాళ్ళ కచేరీ అనుకున్నట్టే జరిగింది. టీవీవాళ్ళు తలుపు మూస్తే, టికెట్ కొన్నవాళ్ళు వేరే తలుపులోంచి వచ్చారు. మా దిగుమతిదారు ఫోన్ చేయలేదు, మెయిల్ చేయలేదు. డిసెంబరులో రెండో ఆర్డరు పంపాడు.

2019 జూలైలో జపాన్, చిప్‌ల తయారీకి కావలసిన మూడు రసాయనాల ఎగుమతి మీద కొరియాకి ఆంక్షలు పెట్టింది. ఈసారి బహిష్కరణ మొదలైంది కొరియాలో. జపాన్ బీరు, బట్టలు కొనొద్దని ప్రతిచోటా స్టిక్కర్లు. జపాన్‌కి సరుకమ్ముతున్నందుకు పక్క షెడ్డువాళ్ళు సాజాంగ్‌నిమ్‌తో మాట్లాడ్డం మానేశారు. అప్పుడు మాత్రం దిగుమతిదారు రాశాడు, "మీ వైపు నుంచి సరుకు ఆగదు కదా?" అని. తిట్లు తినాల్సి వచ్చినా, ఆ మెయిల్‌ని ఆయన నలుగురికీ చూపించుకున్నారు.

2020లో కోవిడ్ అందర్నీ ఇళ్ళలో కూర్చోబెట్టింది, జపాన్‌లో కొరియన్ డ్రామాలు మళ్ళీ విరగబడి చూశారు. మా అమ్మకాలూ పెరిగాయి. ఈ గాలి మా తెలివి కాదని ఒప్పుకోవాలి. కాకపోతే ఈసారి గాలి వచ్చేసరికి మా దగ్గర తెరచాప సొంతది ఉంది. 2022లో జపాన్‌కి వచ్చే కాస్మెటిక్స్‌లో కొరియా, ఫ్రాన్స్‌ని దాటి మొదటి స్థానానికి వచ్చింది. కంపెనీలో ఇప్పుడు ఏ ఒక్క దేశం వాటా నలభై శాతం దాటదు. పంపించేసిన పదకొండు మందిలో ఆరుగురు తిరిగొచ్చారు. స్టూల్ పట్టుకెళ్ళినామె రాలేదు.

ఇందులో నేను నేర్చుకున్నవి

అమ్మకాలు ఎంత అని అడగడం మానేసి, ఎవరు ఎందుకు రెండోసారి కొన్నారని అడగడం మొదలుపెట్టాను. మొదటిసారి కొనడానికి డ్రామా చాలు. కొత్త క్లయింట్ వస్తే గంపల పని ముందే చేయిస్తాను, కాంట్రాక్టుల మాట తర్వాత.

ఆర్డర్ల కంటే బొమ్మలు ముందు మారతాయి. ఇప్పుడు ప్రతి నెలా అవతలి దేశంలోని అమ్మకం పేజీల్ని ఫొటో తీయించి పక్కపక్కన పెట్టి చూస్తాం. తెల్ల గులాబీ లాంటిదేదైనా కనిపిస్తే ఆ రోజే మాట్లాడుకుంటాం.

సర్కారు సాయం గురించి తరచూ అడుగుతారు. ప్రదర్శనల్లో స్టాల్ అద్దెలో కొంత ఇప్పించడం, కొనేవాళ్ళని కలపడం లాంటివి పనికొచ్చాయి, తీసుకున్నాం. కానీ ఒక దేశపు సాఫ్ట్ పవర్‌ని ఆ దేశం పెంచగలదేమో గానీ, అవతలి దేశంలో దాన్ని కాపాడలేదు. 2017లో సియోల్‌లోని ఏ మంత్రిత్వ శాఖా ఆ గులాబీ కింద నుంచి మా హీరోయిన్‌ని బయటికి తేలేకపోయింది. హాల్యు అన్న పేరుని చైనా పత్రికలే ప్రచారంలోకి తెచ్చినా అది చైనా కోపాన్ని ఆపలేదు. ఇష్టపడ్డది జనం, కుళాయి కట్టింది ప్రభుత్వం.

ఇంకొకటి, ఇది నాకు నేను చెప్పుకునేది. 2016 ఆగస్టులో సాజాంగ్‌నిమ్ అడిగిన ప్రశ్నకి సరైన జవాబు "చేయండి" కాదు, "వద్దు" కూడా కాదు. "మీ సరుకు ఈవిడ లేకుండా ఎవరైనా కొంటున్నారా?" అని తిరిగి అడగాల్సింది. అడిగితే ఆ చవక మాస్క్ అప్పుడే దొరికేది.

2023 ఆగస్టు 10న చైనా, కొరియాకి గ్రూప్ టూర్లు మళ్ళీ అనుమతించింది. మర్నాడు పొద్దున్నే సాజాంగ్‌నిమ్ ఫోన్.

"చైనా గ్రూపులు వస్తున్నాయట. ఆ పాత పెట్టె డిజైన్ ఫైల్ మీ దగ్గరుందా?"

"ఆ ఫొటో హక్కులు 2017లోనే అయిపోయాయి సాజాంగ్‌నిమ్."

కాసేపు మాట్లాడలేదు. "ఫొటో లేకుండానే అడుగుతున్నాను" అన్నారు.

ఫైల్ పంపాను. కూతురు ఒప్పుకోవడం లేదని నెల తర్వాత తెలిసింది. ఆ పెట్టె ఇంతవరకూ బయటికి రాలేదు. ఆయన కంప్యూటర్లో మాత్రం ఉంది, తెరిచి చూసుకుంటుంటారట.